‘నార్మలే అన్నారు కదా’ అని ఆగొద్దు

(నర్సంపేట దగ్గరి ఒక ఊళ్లో మహిళా సంఘాల సమావేశంలో ఒక గైనకాలజిస్టు మాట్లాడింది. రికార్డింగ్ విని రాసి పెట్టాం.)

అందరికీ నమస్తే. ముందుగా ఒక మాట, ఆ వరండాలో బండ్ల మీద కూర్చున్న అన్నలు, తమ్ముళ్లు కూడా లోపలికి రండి. ఆడవాళ్ల మీటింగ్ అని మీరు బయట కూర్చుంటారు గానీ, రాత్రి పన్నెండింటికి ఇంట్లో ఆమెకు తల పగిలిపోతోందంటే బండి తియ్యాలా, పొద్దున చూద్దామా అని తేల్చేది మీరే కదా. అత్తలు కూడా ముందుకు జరగండి, మిమ్మల్ని తిట్టడానికి రాలేదు నేను. (నవ్వులు)

కడుపుతో ఉన్నప్పుడు వచ్చే ప్రమాదాల గురించి చెప్పమన్నారు. అన్నీ చెబితే చీకటి పడుతుంది, పైగా ఉన్న ధైర్యం కూడా పోతుంది. కాబట్టి ఎక్కువగా ఏ విషయంలో ఆలస్యం జరుగుతుందో అదే చెబుతాను. మీ గర్భిణి చెకప్ కార్డు మీద హై రిస్క్ అని ఎర్ర స్టిక్కర్ వేశారనుకోండి, ఇంటిల్లిపాదీ జాగ్రత్తగా ఉంటారు, ఆశా అక్క వచ్చి పోతుంటుంది, ఏఎన్ఎం ఫోన్ చేస్తుంది. 18 నిండనివాళ్లు, 35 దాటినవాళ్లు, కవలలు ఉన్నవాళ్లు, ముందు కాన్పు ఆపరేషన్ అయినవాళ్లు, షుగరో థైరాయిడో గుండె జబ్బో ఉన్నవాళ్లు, వీళ్లను మేం మొదట్లోనే గుర్తుపట్టి పెద్దాసుపత్రికి రమ్మంటాం. చిక్కంతా ఆ స్టిక్కర్ లేనివాళ్లతోనే వస్తుంది. ‘అంతా నార్మలే అన్నారు మేడం’ అని ధీమాగా ఉంటారు. నార్మల్ అన్నది ఆ రోజుకి చెప్పిన మాటమ్మా. ఆ రోజు బీపీ బాగుంది, ఆ రోజు బిడ్డ గుండె బాగా కొట్టుకుంటోంది. వచ్చే మంగళవారం ఏమవుతుందో ఆ కాగితానికి తెలియదు.

స్కానింగ్ మీద కూడా మనవాళ్లకు నమ్మకం మరీ ఎక్కువ. ఐదో నెలలో తీసే టిఫా స్కాన్ బిడ్డ అవయవాలు చూడటానికి. అది బాగుంటే తల్లికి ఎనిమిదో నెలలో బీపీ రాదని అర్థం కాదు. నాలుగు వేలు పెట్టి స్కాన్ తీయించుకుంటారు గానీ, సబ్ సెంటర్‌లో పైసా ఖర్చు లేకుండా చూసే బీపీకి రమ్మంటే పత్తి ఏరేది ఉందంటారు.

ఇంకో సంగతి. మన రాష్ట్రం ఈ విషయంలో వెనకబడి ఏమీ లేదు. 2018-20 లెక్కల ప్రకారం లక్ష మంది బిడ్డలు పుడితే దేశం మొత్తం మీద 97 మంది తల్లులు పోతే, తెలంగాణలో 43. కాన్పులు కూడా నూటికి 97 ఆసుపత్రుల్లోనే అవుతున్నాయి. మరి ఆసుపత్రి దాకా వస్తున్నప్పుడు ఆ 43 ఎందుకు? మా చదువులో మూడు ఆలస్యాలు అని చెబుతారు. పోదాం అని తేల్చుకోవడంలో ఆలస్యం, దారిలో ఆలస్యం, ఆసుపత్రిలో వైద్యం అందడంలో ఆలస్యం. మూడోది మా తప్పు, దాని మీద మమ్మల్ని నిలదీయండి. రెండోదానికి 108 ఉంది. మొదటిది మాత్రం మీ ఇంటి గడప లోపల జరిగేది.

సరే, బీపీతో మొదలుపెడదాం. ఎవరి దగ్గరైనా కార్డు ఉందా? ఇవ్వు చెల్లె. ఎనిమిదో నెలా? పేరు చదవను, అంకెలే చదువుతా. మూడో నెలలో 108/70. ఐదో నెలలో 102/64, నడి నెలల్లో బీపీ కొంచెం తగ్గడం మామూలే. పోయిన నెల 122/80. పది రోజుల కింద 132/86. ఏదీ 140/90 దాటలేదు, అందుకే ఎవరూ ఏమీ అనలేదు. కానీ మెట్లెక్కుతోంది, కనబడుతోందా? ఈ అమ్మాయిని నేనైతే మళ్లీ నెలకు రమ్మనను, ఈ వారంలోనే చూస్తా. ఇంకా ఇటు చూడండి, మూత్రం పరీక్ష రాసే గడి ఖాళీగా ఉంది. చిన్న పట్టీ మూత్రంలో ముంచి రంగు మారిందా లేదా చూడటం, నిమిషం పని. మూత్రంలో ఆల్బుమిన్ పోతోందంటే కిడ్నీ మీద ఒత్తిడి పడుతోందని. బీపీ, ఆల్బుమిన్ రెండూ కలిసి వస్తే దాన్ని ప్రీఎక్లాంప్సియా అంటాం. ఆల్బుమిన్ లేకపోయినా ప్లేట్‌లెట్లు పడిపోవడం, లివర్ దెబ్బతినడం లాంటివి ఉంటే అదే జబ్బు. కార్డు మీ చేతిలోదే కదా, ఖాళీ గడి కనబడితే ‘ఇది ఎందుకు రాయలేదు’ అని అడగండి. అడిగితే కోప్పడతారేమో అని టెన్షన్ పడకండి, కోప్పడినా రాస్తారు.

కాళ్ల వాపు చాలామందికి ఉంటుంది, సాయంత్రానికి పాదాలు ఉబ్బుతాయి, పడుకుంటే తగ్గుతాయి, దానికి అంత భయం లేదు. పొద్దున లేచేసరికి ముఖం ఉబ్బిందా, మొన్నటిదాకా వచ్చిన ఉంగరం ఇప్పుడు వేలి నుంచి రావడం లేదా, గాజులు బిగిశాయా, అప్పుడు అదే రోజు బీపీ చూపించుకోవాలి. గోలీ వేసుకున్నా తగ్గని తలనొప్పి, కళ్ల ముందు మిణుగురుల్లాగా మెరవడం లేదా మసకబారడం, కుడి పక్క డొక్క కింద నొప్పి, ఈ మూడింట్లో ఏది వచ్చినా పొద్దునదాకా ఆగేది లేదు. ఆ డొక్క నొప్పి దగ్గరే చాలామంది మోసపోతారు, గ్యాస్ అనుకుని మెడికల్ షాపులో గోలీ తెచ్చుకుని పడుకుంటారు. అది లివర్ దెబ్బతింటోందని చెప్పే నొప్పి కావచ్చు.

ఈ బీపీ జబ్బు ముదిరితే ఫిట్స్ వస్తాయి. పెద్దవాళ్లు గుర్రపు వాతం అనేవాళ్లు. గాలి సోకిందని తాయెత్తు కట్టించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, చేతిలో తాళాల గుత్తి పెట్టేవాళ్లు సరేసరి. ఫిట్స్ వచ్చినప్పుడు ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో చెంచా, గుడ్డ, నీళ్లు ఏమీ పెట్టొద్దు, 108కి ఫోన్ చేసి గర్భిణికి ఫిట్స్ అని స్పష్టంగా చెప్పండి. ఆసుపత్రిలో మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్ ఇస్తాం, ఖరీదైన మందేమీ కాదు, ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది. అయితే ఈ జబ్బు పూర్తిగా తగ్గాలంటే బిడ్డ, మాయ బయటికి రావాల్సిందే. అందుకే ఒక్కోసారి నెలలు నిండకముందే కాన్పు చేయాలంటాం, అప్పుడు మా మీద అనుమానపడకండి. ముందు కాన్పులో బీపీ వచ్చినవాళ్లు మళ్లీ నెల తప్పగానే ఆ సంగతి చెప్పాలి, మూడో నెల నిండాక తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెడితే మళ్లీ వచ్చే అవకాశం తగ్గుతుంది. ఇంట్లో ఉన్న ఆస్పిరిన్ మీ అంతట మీరు మింగమని కాదు. పెళ్లికి ముందు నుంచే బీపీ గోలీలు వాడుతున్నవాళ్లు కూడా చెప్పాలి, వాటిలో కొన్ని బిడ్డకు చేటు, మేం మార్చి ఇస్తాం.

ఇక రక్తం సంగతి. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 ఉండాలి. 2019-21లో చేసిన జాతీయ సర్వేలో మన రాష్ట్రంలో గర్భిణుల్లో సగానికి పైగా అంతకంటే తక్కువే ఉన్నారు. ఇక్కడ యాభై మంది కూర్చున్నారు, మీరే లెక్క వేసుకోండి. గోలీలు ఇవ్వడం లేదా అంటే ఇస్తున్నారు. నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180, కాన్పు అయ్యాక మళ్లీ 180. అవి బీరువా మీద డబ్బాలో భద్రంగా ఉంటాయి. (నవ్వులు) నవ్వుతున్నారంటే మీ ఇళ్లలోనూ ఉన్నాయన్నమాట! అవి మింగితే బిడ్డ నల్లగా పుడుతుందని ఒకరు, బిడ్డ పెద్దగై కాన్పు కష్టమవుతుందని ఇంకొకరు చెబుతారు. నల్లగా వచ్చేది విరేచనం, బిడ్డ కాదు. వాంతి వచ్చినట్టుంటే రాత్రి అన్నం తిన్నాక వేసుకోండి. చాయ్‌తో మింగితే ఒంటికి పట్టదు, నిమ్మకాయ నీళ్లతోనో ఉసిరికాయతోనో అయితే పడుతుంది. కాల్షియం గోలీ, ఐరన్ గోలీ ఒకే పూట వేసుకోవద్దు, ఒకదాన్ని ఇంకొకటి అడ్డుకుంటుంది. అంగన్వాడీలో ఆరోగ్యలక్ష్మి కింద రోజూ అన్నం, గుడ్డు, పాలు పెడతారు, అక్కడే కూర్చుని తినండి. ఇంటికి తెచ్చుకుంటే గుడ్డు పిల్లాడి పళ్లెంలోకి పోతుంది, నాకు తెలుసు. నెల రోజులు గోలీలు సరిగ్గా మింగినా రక్తం పెరగకపోతే ఊరుకోవద్దు, ములుగు, ఆదిలాబాద్ ఏజెన్సీ వైపు వాళ్లలో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు ఉంటుంది, అది పరీక్షలో బయటపడుతుంది. 7 కంటే తక్కువైతే గోలీలతో పని జరగదు, ఆసుపత్రిలో చేరాల్సిందే.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, కాన్పులో ఏ తల్లికైనా రక్తం పోతుంది. నిండు నెలల్లో గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైగానే రక్తం పారుతుంటుంది. బిడ్డ, మాయ వచ్చాక గర్భసంచి గట్టిగా బిగుసుకుంటేనే అది ఆగుతుంది, బిగుసుకోకపోతే గంటా రెండు గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. 12 రక్తం ఉన్నామె కొంత పోయినా తట్టుకుంటుంది. 7 ఉన్నామెకు అంతే పోతే మేం రక్తం ఎక్కించేలోపే చల్లబడిపోతుంది. అందుకే ఎనిమిదో నెలలోనే తల్లి గ్రూపు ఏదో, ఇంట్లో ఎవరు ఇవ్వగలరో మాట్లాడుకుని పెట్టుకోండి. నెగటివ్ గ్రూపు అయితే ఏడో నెలలోనే చెప్పండి, 28 వారాలకు ఒక యాంటీ డి ఇంజెక్షన్ ఉంటుంది, బిడ్డ పాజిటివ్ అయితే పుట్టిన 72 గంటల్లో మళ్లీ ఇవ్వాలి.

కాన్పుకు ముందే రక్తం కనబడితే ఎంత అని చూడొద్దు, బయల్దేరండి. మాయ కిందికి ఉంటే నొప్పి లేకుండా ఎర్రగా పోతుంది. మాయ ముందే ఊడితే పొట్ట రాయిలా గట్టిపడి విపరీతమైన నొప్పి వస్తుంది, రక్తం బయటికి కొంచెమే వచ్చినా లోపల చాలా పోయుండొచ్చు. ఇంకోటి, నొప్పులు తొందరగా రావాలని ఊళ్లో ఎవరితోనూ సూది వేయించుకోవద్దు. ఆ మందును ఆసుపత్రిలో మేం చుక్కలు లెక్కబెట్టి ఎక్కిస్తాం. ఇంట్లో ఒక్కసారే ఇస్తే గర్భసంచి పగలొచ్చు, ఆపరేషన్ కుట్టు ఉన్నామెకైతే మరీనూ.

మొదటి నెలల గురించి ఒకటే చెబుతా. నెల తప్పాక పొత్తికడుపులో ఒక పక్క నొప్పి, కొంచెం రక్తం, కళ్లు తిరగడం వచ్చిందంటే గర్భం సంచిలో కాకుండా ట్యూబులో ఉందేమో చూడాలి. అది పగిలితే కడుపంతా రక్తమే. గర్భం వద్దనుకున్నవాళ్లు మెడికల్ షాపులో గోలీలు కొనుక్కుని మింగుతున్నారు, స్కాన్ లేకుండా అది చాలా ప్రమాదం. ట్యూబులో ఉన్నదానికి ఆ గోలీలు పనిచేయవు, బ్లీడింగ్ అయింది కదా పోయిందిలే అనుకుంటారు.

షుగర్ పరీక్ష తేలిక. 75 గ్రాముల గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించి రెండు గంటలకు చూస్తారు, 140 దాటకూడదు. మొదటిసారి వచ్చినప్పుడు ఒకసారి, ఆరో నెల నిండాక మరోసారి. మా వంశంలో ఎవరికీ లేదు అనొద్దు, ఎవరికైనా రావచ్చు. చాలామందికి తిండి మార్చుకుంటేనే అదుపులోకి వస్తుంది.

ఇప్పుడు పని గురించి, ఇది డాక్టర్లు సాధారణంగా మాట్లాడరు. జనవరి నుంచి మార్చి దాకా మీలో సగం మంది మిర్చి తోటల్లో ఉంటారు. కైకిలికి పోవద్దని నేను చెప్పలేను, చెప్పినా మీరు మానలేరు. కానీ అక్కడ ఏం చేస్తారు? పొలంలో ఒంటికి పోయే చోటు లేదని పొద్దుటి నుంచి నీళ్లు తాగరు. దాంతో మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తుంది. మంట, చలిజ్వరం, నడుము నొప్పి అంటూ వస్తారు, కొందరికి దానితోనే నెలలు నిండకుండా నొప్పులు మొదలవుతాయి. నాలుగు చీరలు కట్టి ఒక మరుగు చేసుకోండి, మేస్త్రీని అడగండి, అడిగితే పోయేదేముంది. మందు కొట్టిన చేనుకి కడుపుతో ఉన్నామెను తీసుకుపోవద్దు. మెట్‌పల్లి, కోరుట్ల, సిరిసిల్ల వైపు బీడీలు చుట్టేవాళ్లు ఉంటారు, నేను బీడీ తాగను కదా అంటారు. పొగాకు దుమ్ము ఊపిరిలోకి పోతుంది, నికోటిన్ చేతి తోలు గుండా కూడా ఎక్కుతుంది, బిడ్డ బరువు తగ్గుతుంది. కనీసం ఆ నెలలు పొగాకు నింపే పని ఇంకొకరికి ఇచ్చి ఆకు కత్తిరించే పని చేసుకోండి, చేతులు కడుక్కోకుండా అన్నం ముట్టొద్దు. ఒళ్లు నొప్పులని ఆర్ఎంపీ దగ్గర డైక్లో సూది వేయించుకోవడం మానండి, బిడ్డ గుండెకు, కిడ్నీకి మంచిది కాదు. జ్వరానికి పారాసిటమాల్ వేసుకుని, వానాకాలమైతే మలేరియా, డెంగీ పరీక్ష చేయించుకోండి.

బిడ్డ కదలిక. ఏడో నెల నిండాక మీ బిడ్డ ఎప్పుడు కదులుతుందో మీకే తెలుస్తుంది, మాకంటే బాగా తెలుస్తుంది. తగ్గిందని అనిపిస్తే ఎడమ పక్కకు పడుకుని చూడండి, రెండు గంటల్లో పది కదలికలు రాకపోతే బయల్దేరండి. దిష్టి తీసి, తీపి తినిపించి, రేపు చూద్దాం అనుకోవద్దు. నెలలు నిండాక బిడ్డ కదలడం తగ్గిపోతుందనే మాట నిజం కాదు.

ఇప్పుడు మీకు నచ్చని విషయం. (నవ్వులు) రక్తం సంగతిలో చెప్పిన ఆ 2019-21 జాతీయ సర్వేలోనే తెలంగాణలో నూటికి దాదాపు 61 కాన్పులు ఆపరేషన్లే, అప్పటికి దేశంలో ఇదే ఎక్కువ. కరీంనగర్ జిల్లాలో నూటికి 82. మన ఆడవాళ్ల శరీరాలేమైనా వేరేగా ఉన్నాయా? లేవు. పది శాతం దాటాక ఆపరేషన్లు పెరిగినంత మాత్రాన తల్లుల, బిడ్డల మరణాలు తగ్గడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. ఇందులో మా డాక్టర్ల వాటా పెద్దదే, రాత్రంతా నొప్పుల దగ్గర కూర్చునే ఓపిక తగ్గింది, డబ్బు లెక్కలు కూడా ఉన్నాయి, దాచేదేముంది. మీ వాటా కూడా ఉంది. పంతులుగారు రాసిచ్చిన చీటీ తెచ్చి, శుక్రవారం పొద్దున 9 గంటల 12 నిమిషాలకు బిడ్డను తీయమంటారు. అప్పటికి 37 వారాలే. కారణం లేకుండా 39 వారాలకు ముందు తీస్తే కొందరు బిడ్డలకు ఊపిరితిత్తులు సిద్ధంగా ఉండవు, మంచి నక్షత్రంలో పుట్టి వారం రోజులు బాక్సులో ఉంటారు. ఆపరేషన్ అవసరమైతే ఒక్క నిమిషం ఆగొద్దు, నేనూ చేస్తాను. అవసరం లేకుండా చేయించుకుంటే దాని లెక్క తర్వాతి కాన్పులో తేలుతుంది. మాయ పాత కుట్టు మీద అతుక్కుని ఊడకపోతే గర్భసంచే తీసేయాల్సి రావచ్చు. ‘ఎందుకు ఆపరేషన్?’ అని అడిగే హక్కు మీది. కరీంనగర్‌లోనే 2017లో ప్రభుత్వం మిడ్‌వైఫ్‌లకు శిక్షణ మొదలుపెట్టింది, నొప్పుల టైంలో పక్కనుండి మామూలు కాన్పు చేయించేవాళ్లు. అలాంటివాళ్లు ఉన్నచోట వాళ్ల సాయం తీసుకోండి.

కాన్పు అయిపోయింది, స్వీట్లు పంచాం, గండం గడిచింది అనుకుంటారు. బీపీ ఆ తర్వాత కూడా పెరగొచ్చు, ఆరు వారాల దాకా. బాలింత తలనొప్పి అంటే చలిగాలి తగిలిందని చెవుల్లో దూది పెడతారు, ముందు బీపీ చూపించండి. గంటకొక ప్యాడ్ పూర్తిగా తడుస్తోందన్నా, చలిజ్వరం, వాసనతో మైల పోతోందన్నా, ఒక కాలి పిక్క వాచి నొప్పి పుడుతోందన్నా, ఆయాసం వచ్చినా అదే రోజు రావాలి. నీళ్లు తాగితే కుట్లు చీము పడతాయని కారప్పొడి అన్నం పెట్టి, గుక్కెడు నీళ్లే ఇచ్చే పథ్యం మానండత్తమ్మా. పాలిచ్చే తల్లికి మామూలు కంటే ఎక్కువ తిండి, ఎక్కువ నీళ్లు కావాలి. ఊరికే ఏడుస్తోంది, నిద్రపోవడం లేదు, బిడ్డను ముట్టుకోవడం లేదు అంటే అది పొగరు కాదు, దానికీ వైద్యం ఉంది. ఏవేవో మాటలు వినబడుతున్నాయంటే మాత్రం ఆమెను, బిడ్డను ఒంటరిగా వదలకుండా వెంటనే తీసుకురండి.

(ఒక పెద్దావిడ: ‘మా కాలంల చేన్లనే కన్నం డాక్టరమ్మా, మాకేమైంది?’)

మీరు బాగున్నారు కాబట్టి ఇక్కడ కూర్చుని అడుగుతున్నారు పెద్దమ్మా. మీతో పాటు పెళ్లయి, కాన్పులో పోయినవాళ్లు ఎవరైనా ఉన్నారా మీ వాడలో?

(పెద్దావిడ: ‘ఉన్నరు. మా తోడికోడలు పోయింది. మాయ పడలె.’)

ఆమె కూడా చేన్లోనే కన్నది కదా.

(ఒకతను: ‘మేడం, రాత్రి కిరాయి బండి కట్టుకుని పోతే ఏం లేదని పంపించేస్తరు. పైసలు దండుగ అయితయి.’)

అవుతుంది తమ్ముడూ, పదిసార్లలో ఎక్కువసార్లు ఏమీ లేదనే పంపిస్తాం. ఏ సారి ఉందో ఇంట్లో కూర్చుంటే తెలియదు. కిరాయి బండి ఎందుకు, చెకప్‌లకు 102 వస్తుంది, అర్జెంట్ అయితే 108, రెండూ ఉచితం. పీహెచ్‌సీ నుంచి పెద్దాసుపత్రికి రాస్తే ‘ఇంకో చోట అడిగి చూద్దాం’ అని ఊరంతా తిరగకుండా నేరుగా పొండి, వరంగల్ సీకేఎం ప్రసూతి ఆసుపత్రి గానీ, హనుమకొండ ప్రసూతి ఆసుపత్రి గానీ, ఎంజీఎం గానీ. తాడ్వాయి, ఏటూరునాగారం వైపు చుట్టాలు ఉంటే చెప్పండి, వానాకాలంలో వాగులు పొంగితే బండి రాదు, కాన్పు తేదీకి వారం పది రోజుల ముందే ఆసుపత్రి ఉన్న ఊరికి వచ్చేయాలి. ఇంకోటి, మీరు పనికి ఎక్కడికో పోయి ఫోన్ కలవకపోతే ఇంట్లో ఎవరు తేలుస్తారు? మీ భార్యకు ముందే చెప్పి పెట్టు, ‘నన్ను అడగకుండానే 108కి ఫోన్ చెయ్యి’ అని. ఇప్పుడే, ఇక్కడే చెప్పు.

(అతను: ‘చెప్తా మేడం.’)

ఆమె ఆ మూడో వరుసలోనే ఉంది, వినిపించేలా చెప్పు. (నవ్వులు, చప్పట్లు)

సరే, ఏఎన్ఎం అక్క బీపీ మిషన్, మూత్రం పట్టీలు తెచ్చింది. ఏడో నెల దాటినవాళ్లు, పోయిన నెలలో కాన్పైనవాళ్లు ముందు రండి. ఇప్పుడే చాయ్ తాగినవాళ్లు అరగంట ఆగండి. కుర్చీలో వీపు ఆనించి ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చున్నాకే చూస్తాం. కార్డు మరిచిపోయినవాళ్లు పిల్లల్ని పంపి తెప్పించుకోండి, తెల్లకాగితం మీద రాసివ్వను.